తెలుగు వికీపీడియాకు కొత్తగా వచ్చినవారిని ఆహ్వానించే పద్ధతి

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. నేడు లక్షకు పైగా వ్యాసాలున్న ఈ విజ్ఞాన సర్వస్వాన్ని క్రమం తప్పకుండా దిద్దేవారు మాత్రం ఇప్పటికీ కొద్దిమందే. అందువల్ల ఖాతా తెరిచి తొలి దిద్దుబాటు చేసిన ప్రతి వ్యక్తినీ మనం శ్రద్ధగా చూసుకోవాలి. ఆ వ్యక్తికి సందేశాలు రాసే చర్చా పేజీలో స్వాగత మూసను, అంటే ముందే రాసి ఉంచిన సందేశాన్ని, అతికించగానే ఆ బాధ్యత తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ మూస అవసరమే గాని, వచ్చిన వ్యక్తి ఏం రాశారో చదివి, దానికి జవాబుగా నాలుగు మాటలు చెప్పినప్పుడే అది ఆహ్వానం అవుతుందని నా నమ్మకం.

ముందుగా 'ఇటీవలి మార్పులు' పేజీని తెరిచి, కొత్త సభ్యుల దిద్దుబాట్లు మాత్రమే కనబడేలా వడపోత పెట్టుకోండి. ఒక వాడుకరి పేరు పక్కన 'చర్చ' అనే లింకు ఎర్రగా కనిపిస్తే, ఇంతవరకు ఎవరూ ఆయనను పలకరించలేదని అర్థం. అక్కడే సందేశం రాయడం మొదలుపెట్టకుండా, ముందు ఆయన రచనల జాబితాను తెరవండి. అక్షరదోషం సరిచేసినవారికీ, కొత్త వ్యాసం మొదలుపెట్టినవారికీ, ప్రయోగశాలలో (రాసి చూసుకోవడానికి ఉన్న పేజీలో) పేరు రాసి చూసుకున్నవారికీ అవసరాలు వేరువేరుగా ఉంటాయి. తొలి దిద్దుబాటు జరిగిన రోజే పలకరించడం మంచిది. వారం గడిచాక రాస్తే ఆ సందేశాన్ని చూడటానికి ఆయన మళ్ళీ వస్తారన్న భరోసా లేదు.

నాకు తరచు ఎదురయ్యే సందర్భం ఒకటి చెబుతాను. తెలుగు వికీపీడియాలో రెండు రాష్ట్రాల్లోని దాదాపు అన్ని రెవెన్యూ గ్రామాలకూ వ్యాసాలున్నాయి, వాటిలో ఎక్కువ భాగం 2011 జనగణన గణాంకాల ఆధారంగా రాసినవే. కొత్తగా వచ్చినవారు మొట్టమొదట వెతికేది తమ ఊరి పేజీనే. అక్కడ అంకెలే కనిపించేసరికి మనసుకు వెలితిగా తోచి, "మా ఊరు ప్రకృతి అందాలకు నెలవు. ఇక్కడి ప్రజలు చాలా మంచివారు. ఊరి చెరువును కాకతీయుల కాలంలో తవ్వించారు" అని మూడు వాక్యాలు చేర్చి, 'మార్పులను ప్రచురించు' నొక్కుతారు. అనుభవమున్న వాడుకరి ఒకరు దానిని చూసి, మూలాలు లేవన్న కారణంతో మూడింటినీ ఒక్క నొక్కుతో రద్దు చేస్తారు. నియమం ప్రకారం అది తప్పు కాకపోవచ్చు గాని, ఆ ఊరి మనిషి ఇక తిరిగి రారు.

అలా చేయకుండా ఆ మూడు వాక్యాలను విడివిడిగా చదవండి. మొదటి రెండూ అభిప్రాయాలు. విజ్ఞాన సర్వస్వంలో అవి నిలవవు కాబట్టి తీసివేసి, కారణాన్ని దిద్దుబాటు సారాంశంలో (ఏ మార్పు ఎందుకు చేశామో రాసే చిన్న పెట్టెలో) మర్యాదగా రాయండి. మూడోది సమాచారం, పైగా ఆ వ్యాసంలో అంతవరకు లేనిది. దానిని ఉంచి, ఆధారం కావాలని తెలిపే మూసను పక్కన చేర్చండి. ఆ తరువాత ఆయన చర్చా పేజీలో స్వాగత మూస కింద మీ సొంత మాటల్లో ఇలా రాయవచ్చు: "నమస్కారమండీ. చెరువు గురించి మీరు చేర్చిన వాక్యం ఆ వ్యాసానికి ఉపయోగపడేది. దీనికి ఆధారంగా ఏదైనా పుస్తకం గాని, పత్రికలో వచ్చిన కథనం గాని మీ దగ్గరుంటే ఇక్కడ పేరు రాయండి. దానిని వ్యాసంలో మూలంగా ఎలా చేర్చాలో నేను చూపిస్తాను. మొదటి రెండు వాక్యాలను ఎందుకు తీసేశానో సారాంశంలో రాశాను, సందేహముంటే తప్పకుండా అడగండి." ఇంతకు మించి మొదటి రోజున ఏమీ చెప్పనక్కరలేదు. ఐదు మూలస్తంభాలు అనే ప్రాథమిక సూత్రాలు, శైలి, వ్యాసాలను విషయాల వారీగా చేర్చే వర్గాలు, ఇతర భాషల వికీపీడియాలకు ఇచ్చే అంతర్వికీ లింకులు అన్నింటినీ ఒకేసారి వల్లిస్తే, చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

మూలం అన్న మాట దగ్గరే చాలామంది నొచ్చుకుంటారు. "మా తాతగారు చెప్పారండీ, ఊళ్ళో అందరికీ తెలుసు" అని జవాబు వస్తుంది. ఆ మాటను తేలిక చేయకూడదు. తాతగారి మాట అబద్ధమని మనం అనడం లేదనీ, ఎక్కడో కూర్చుని చదివే పాఠకుడు సరిచూసుకోగలిగేది అచ్చయిన ఆధారం ఒక్కటేననీ వివరించాలి. వివరించి ఊరుకోకుండా, వెతకవలసిన చోటు కూడా చెప్పాలి. పురావస్తు శాఖ జిల్లాల వారీగా ప్రచురించిన శాసన సంపుటాలు, జిల్లా గెజిటీర్లు, పత్రికల జిల్లా సంచికలు, కోస్తా, రాయలసీమ గ్రామాలకైతే ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులు అనే గ్రామ చరిత్రలు చూడమనవచ్చు. కైఫియత్తులో ఉన్నది స్థానికులు చెప్పుకున్న చరిత్ర కాబట్టి, వ్యాసంలో "కైఫియత్తు ప్రకారం" అని స్పష్టంగా రాయాలని కూడా చెప్పండి. ఆధారం ఎంతకీ దొరకకపోతే, ఆయన వెంటనే చేయగలిగే మరో పని చూపించండి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 నుంచి 26 అయ్యాయి. ఊరి పేజీలో జిల్లా, మండలం పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పడానికి ఆ ఊరివారికి మించినవారు లేరు.

ఊరి చెరువునో గుడినో తన ఫోనుతో ఫొటో తీసి, వికీపీడియా వాడుకునే ఫొటోల భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లో ఎక్కించడం ఇంకా మంచి తొలి పని. తాను తీసిన ఫొటోలనే ఎక్కించాలనీ, అంతర్జాలంలో దొరికినవాటిని ఎక్కించకూడదనీ ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ ఫొటో తొలగింపునకు వెళుతుంది, నోటీసు తరచు ఇంగ్లీషులో వస్తుంది, కొత్తవారు దానిని చూసి తామేదో నేరం చేశామని భయపడతారు. అలాంటి నోటీసు వచ్చినట్టు మీ దృష్టికి వస్తే, అందులోని సారాన్ని వారి చర్చా పేజీలో తెలుగులో రాసి పెట్టండి. తమ బ్లాగులోని వ్యాసాన్నే తెచ్చి ఇక్కడ పెట్టేవారికి కూడా ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. రాసింది వారే అయినా ఆ సంగతి మనకు తెలిసే మార్గం లేదు. ఆ బ్లాగు పేజీలో, వికీపీడియా పాఠ్యానికి వర్తించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే అనుమతి) కిందనే దానిని విడుదల చేస్తున్నట్టు ప్రకటిస్తే చిక్కు తీరిపోతుంది.

ఆ లైసెన్సు సంగతి మరొక కారణం వల్ల కూడా మొదట్లోనే చెప్పవలసి ఉంటుంది. ఇక్కడ ఒకరు రాసినదాన్ని మరొకరు మార్చవచ్చు. అలవాటు లేనివారికి ఇది అవమానంగా తోస్తుంది. వ్యాసం చరిత్రను తెరిపించి, ఎవరు ఏ మార్పు చేశారో, తమ పాత కూర్పు చెక్కుచెదరకుండా ఎలా భద్రంగా ఉందో చూపిస్తే చాలామంది స్థిమితపడతారు. ఇది మాటలతో చెప్పడం కన్నా చూపించడం మేలు.

తెలుగులో టైపు చేయడం రాక వెనుదిరిగేవారు కూడా ఉన్నారు. వికీపీడియా దిద్దుబాటు పెట్టెలోనే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే లిప్యంతరీకరణ పద్ధతి ఉందనీ, కంట్రోల్, ఎమ్ మీటలు కలిపి నొక్కితే తెలుగు, ఇంగ్లీషుల మధ్య మారవచ్చనీ చెప్పండి. చిన్న ఎన్ కొడితే 'న్', పెద్ద ఎన్ కొడితే 'ణ్' వస్తాయన్న ఒక్క ఉదాహరణతో ఆ పద్ధతి మర్మం తెలిసిపోతుంది. ఫోనులో రాసేవారికి వారి ఫోనులోని తెలుగు కీబోర్డే చాలు. ఒత్తులు, గుణింతాలు తప్పుగా పడినప్పుడు ఎత్తిచూపడం కన్నా మనమే సరిచేసి ముందుకు సాగడం ఉత్తమం.

సంబోధన విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అవతలివారు ఇంటరు చదివే అమ్మాయో, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులో మనకు తెలియదు. అందుకే అందరినీ 'మీరు' అనీ, పేరుకు 'గారు' చేర్చీ పిలవడం ఇక్కడి అలవాటు. ఎంత అనుభవమున్న నిర్వాహకులైనా దీనిని తప్పకూడదు. మొలక, మూస, వర్గం వంటి మాటలను మొదటిసారి వాడినప్పుడు అర్థం చెప్పాలి. మొలక అంటే ఇంకా పెరగవలసిన చిన్న వ్యాసమని ఒక్క ముక్కలో చెబితే సరిపోతుంది.

కళాశాలలో శిక్షణా తరగతి పెట్టేవారు ముందే చేసుకోవలసిన ఏర్పాటు ఒకటుంది. ఒకే ఐపీ చిరునామా నుంచి ఒక రోజులో ఆరు ఖాతాలు మాత్రమే తెరవడానికి వీలవుతుంది. ముప్పైమంది విద్యార్థులు ఒకే వైఫై మీద కూర్చుంటే ఏడో విద్యార్థి దగ్గరే పని ఆగిపోతుంది. అందుచేత ముందురోజుల్లోనే ఎవరి ఇంట్లో వారిని ఖాతా తెరుచుకుని రమ్మనాలి, లేదా పరిమితి సడలించమని ముందుగా కోరాలి.

పలకరించిన తరువాత ఆ చర్చా పేజీని మీ వీక్షణ జాబితాలో (మీరు గమనిస్తున్న పేజీల్లోని మార్పులను చూపే జాబితాలో) చేర్చుకోండి. కొత్తవారికి ఎక్కడ జవాబివ్వాలో తెలియదు, చాలాసార్లు తమ పేజీలోనే మీ మాట కింద సంతకం లేకుండా రాసి వెళ్ళిపోతారు. వీక్షణ జాబితాలో లేకపోతే ఆ ప్రశ్న మీ కంట పడదు. జవాబు చెప్పేటప్పుడు, అందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలోనూ సహాయ కేంద్రంలోనూ కూడా అడగవచ్చని చెప్పండి, ఎందుకంటే ఎవరైనా ఒక్కరి మీదే ఆధారపడటం మంచిది కాదు. రెండు వారాలైనా ఆయన నుంచి అలికిడి లేకపోతే ఒక్కసారి మాత్రం కుశలం అడగండి, అంతకు మించి వెంటపడవద్దు. పేజీని మాత్రం జాబితాలోంచి తీసేయకండి. ఏడాది గడిచాక కూడా, ఆ చెరువు గురించిన పుస్తకం దొరికిందంటూ ఆయన అక్కడే రాయవచ్చు.