తీర్పు చదవడం నేర్చుకుందాం – 6: లాయరు పోస్టు పెడితే ఏం చూడాలి?

కిందటి పాఠం చివర ఒక పని ఇచ్చాను. అమెరికా అప్పీలు కోర్టు తీర్పు ఏదైనా తీసుకుని, అందులో "చంపింది ఎవరు" అన్న ప్రశ్నకు జవాబు ఎక్కడుందో వెతకమన్నాను. వెతికినవాళ్లకి ఈపాటికి చిరాకు వచ్చే ఉంటుంది. ఆ జవాబు సాధారణంగా దొరకదు. కింది కోర్టులో జరిగినదంతా ఒక కట్టగా పైకి వస్తుంది. వాంగ్మూలాలు, ఎగ్జిబిట్లు, అభ్యంతరాలు, జడ్జి ఆదేశాలు అన్నీ అందులో ఉంటాయి. అప్పీలు కోర్టు ఆ కట్ట విప్పి, కేసు చట్టప్రకారం నడిచిందా లేదా అని మాత్రమే చూస్తుంది. కట్టలో లేనిది దాని లెక్కలో లేనట్టే.

మరి కట్టలో లేని మాటలు ఎక్కడుంటాయి? ఈ రోజుల్లో ఎక్కువగా సోషల్ మీడియాలో ఉంటాయి. హత్య కేసులో శిక్ష పడ్డాక, పైకోర్టులో పోరాటం సాగుతుండగా డిఫెన్స్ లాయరు పెట్టే పోస్టుల్ని ఎలా చదవాలన్నదే ఈ పాఠం.

ఉదాహరణకి అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన స్టీవెన్ ఏవరీ కేసు తీసుకుంటున్నాను. లాయరు పోస్టులు, ఆమె వేసిన పిటిషన్లు, వాటిపై వచ్చిన తీర్పులు మూడూ బహిరంగంగా దొరికే కేసు ఇది. మూడూ పక్కపక్కన పెట్టుకుని చూసే వీలు చాలా కేసుల్లో ఉండదు.

కథ క్లుప్తంగా చెబుతాను. చేయని లైంగిక దాడి కేసులో ఏవరీ 18 ఏళ్లు జైల్లో గడిపాడు. డీఎన్‌ఏ పరీక్షతో 2003లో బయటికొచ్చి, కౌంటీ (మన జిల్లా లాంటిది) మీద 3.6 కోట్ల డాలర్లకి దావా వేశాడు. ఆ దావా నడుస్తుండగానే, 2005 అక్టోబర్ 31న, అతని కుటుంబానికి చెందిన పాత కార్ల యార్డుకి ఒక వాహనాన్ని ఫొటో తీయడానికి వచ్చిన 25 ఏళ్ల ఫొటోగ్రాఫర్ హత్యకు గురైంది. 2007లో జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు పౌరుల బృందం, ఏవరీని దోషిగా తేల్చింది. పెరోల్ లేని యావజ్జీవం పడింది. 2015 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో ఈ కేసు మీద డాక్యుమెంటరీ వచ్చాక ప్రపంచమంతా దీని గురించే మాట్లాడింది. 2016 జనవరిలో ఇల్లినాయ్‌కి చెందిన క్యాథ్లీన్ జెల్నర్ అతని తరఫున లాయరుగా వచ్చారు. తప్పుడు శిక్షలు పడ్డవాళ్లని విడిపించడంలో అప్పటికే ఆమెకి పెద్ద పేరుంది. వచ్చిన కొద్ది రోజులకే ట్విట్టర్‌లో మొదలుపెట్టారు.

ఇప్పుడు తేదీలు చూడండి. 2016 మొదటి నెలల్లోనే, సెల్ టవర్ రికార్డులు తన క్లయింటుకి తిరుగులేని అలిబీ (నేరం జరిగిన సమయంలో వేరే చోట ఉన్నాడన్న రుజువు) ఇస్తున్నాయన్న అర్థంలో ఆమె ట్వీట్ చేశారు. సైంటిఫిక్ పరీక్షలు చేయించాలంటూ కోర్టులో పిటిషన్ వేసింది ఆగస్టులో. శిక్షని సవాలు చేసే అసలు పిటిషన్ వేసింది 2017 జూన్ 7న, ఎగ్జిబిట్లతో కలిపి 1,272 పేజీలు. అంటే దాదాపు ఏడాదిన్నర పాటు లోకానికి తెలిసిన డిఫెన్స్ వాదనలో చాలా భాగం 140 అక్షరాల ముక్కల్లోనే ఉంది. అప్పట్లో ట్విట్టర్ పరిమితి అంతే.

ఆ 1,272 పేజీల పిటిషన్‌ని సర్క్యూట్ కోర్టు (అక్కడి కింది కోర్టు) జడ్జి ఏంజెలా సట్కీవిక్స్ నాలుగు నెలలు తిరక్కుండానే, 2017 అక్టోబర్ 3న కొట్టేశారు. సాక్షుల్ని పిలిచి వినే విచారణ కూడా ఇవ్వలేదు. 2021 జులైలో అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్నే సమర్థించింది. నేరం ఎవరు చేశారన్న దాని మీద తామేమీ చెప్పడం లేదని, విచారణకి అర్హత ఉందా లేదా అన్నంతవరకే చూశామని ఆ తీర్పులోనే ఉంది. హోంవర్క్‌లో మీకు దొరకని జవాబు ఎందుకు దొరకలేదో ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది.

ఇక్కడ ఆగి, పాఠంలోని మొదటి ప్రశ్న వేసుకుందాం. ఈ పోస్టు ఎవరి కోసం?

విచారణ దశలో లాయరు బయట మాట్లాడితే, రేపు జ్యూరీలో కూర్చోబోయేవాళ్ల చెవిన పడుతుందని భయం. అప్పీల్లో జ్యూరీ ఉండదు. జడ్జీలు ట్వీట్లు చూసి తీర్పు రాయరు. మరి ఆ మాటలు ఎవరికి? ఒకటి, ఇన్నాళ్లూ నోరు విప్పని సాక్షులకి. 2019లో ఒక దాత తరఫున లక్ష డాలర్ల బహుమతి ప్రకటించడం అలాంటిదే. అది జడ్జికి చెప్పిన మాట కాదు, ఎక్కడో ఏదో తెలిసి కూర్చున్న మనిషికి వేసిన గాలం. తర్వాత పేపర్లు వేసే ఒకతను ముందుకొచ్చి, అప్పట్లో తాను చూసినదాని గురించి అఫిడవిట్ ఇచ్చాడు. 2022లో వేసిన కొత్త పిటిషన్‌కి అది ఆధారమైంది. దాన్నీ 2023లో సర్క్యూట్ కోర్టు, 2025లో అప్పీలు కోర్టు తోసిపుచ్చాయి. అది వేరే సంగతి. సాక్షిని పట్టుకోవడం అనే పనికి సోషల్ మీడియా నిజంగానే పనికొస్తుందని నేను ఒప్పుకుంటాను.

రెండోది, ఎవరూ పైకి అనరు: శిక్ష రద్దయితే మళ్లీ విచారణ, మళ్లీ జ్యూరీ. ఆ జ్యూరీలో కూర్చునేవాళ్లు ఇప్పుడు ఫోన్లు పట్టుకుని ఈ పోస్టులు చూస్తూ ఉండొచ్చు. ఇక జైల్లో ఉన్న క్లయింటు ధైర్యం, లాయరు పేరు ప్రతిష్ఠలు ఎలాగూ ఉన్నాయి.

మూడోది నాకు బాగా ఆసక్తి కలిగించేది. 1984లో వచ్చిన డెన్నీ తీర్పు ప్రకారం విస్కాన్సిన్‌లో నిందితుడు "నేను కాదు, ఫలానావాడు చేశాడు" అని జ్యూరీ ముందు చెప్పాలంటే ఆ ఫలానావాడికి ఉద్దేశం, అవకాశం, నేరంతో నేరుగా సంబంధం ఉన్నాయని చూపించాలి. 2007 విచారణలో ఆ కొలతకి తూగలేదని జడ్జి ఏవరీ డిఫెన్స్‌కి ఆ దారి మూసేశారు. కోర్టులో మూసిన ఆ దారి సోషల్ మీడియాలో బార్లా తెరిచి ఉంది. 2017 పిటిషన్‌లో డిఫెన్స్ ఒకరి వైపు వేలు చూపించింది, తర్వాతి పిటిషన్లలో మరొకరి వైపు. ఇద్దరి మీదా ఏ కేసూ పెట్టలేదు. కానీ ఇద్దరి పేర్లూ ఇంటర్నెట్‌లో లక్షల మంది నోళ్లలో నానాయి. వాళ్ల పేర్లు నేను రాయను. మీరు నోట్సులో రాసుకున్నా పోస్టు చేయకండి.

రెండో ప్రశ్న: ఈ మాటకి కాగితం ఉందా?

దీనికి నా సొంత పొరపాటే చెప్పాలి. ఒక పత్రికలో డెస్కులో ఉన్న రోజుల్లో, ఎడిషన్ టైము దగ్గరపడి టెన్షన్‌గా ఉన్న ఒక రాత్రి, ఏదో విదేశీ కేసులో లాయరు పెట్టిన పోస్టు చూసి "హత్య కేసులో కొత్త ఆధారం దొరికింది" అని హెడ్డింగ్ కొట్టేశాను. మర్నాడు మా సీనియర్ పేపరు నా ముందు పడేసి, "దొరికింది సరే, ఎవరికి దొరికిందయ్యా? లాయరుకా, కోర్టుకా?" అన్నాడు. అప్పట్నించీ "దొరికింది", "తేలింది", "బయటపడింది" లాంటి క్రియలు కనిపిస్తే కర్త కోసం వెతుక్కుంటాను.

ఇప్పుడు ఒక పోస్టుని విప్పి చూద్దాం. ఇది ఎవరో పెట్టింది కాదు, పాఠం కోసం నేనే అల్లాను:

"మా క్లయింటు నిర్దోషి అని నిరూపించే కొత్త ల్యాబ్ ఫలితాలు వచ్చాయి. అసలు హంతకుడెవరో మాకు తెలుసు. త్వరలో అంతా బయటపడుతుంది."

"నిరూపించే" దగ్గర మొదలుపెట్టండి. ల్యాబ్ దేన్నీ నిరూపించదు. సరిపోలిందనో, సరిపోలలేదనో, తేల్చలేమనో రాస్తుంది. ఆ మూడింటిలో ఏది రాసిందో పోస్టులో లేదు. "నిర్దోషి" అనేది ల్యాబ్ ఇచ్చిన మాట కాదు, లాయరు చేర్చిన మాట.

"కొత్త" అన్నది ఇంకా గమ్మత్తైన మాట. మామూలు మాటల్లో నిన్న చేయించిన పరీక్ష కొత్తదే. విస్కాన్సిన్ కోర్టులో "కొత్తగా దొరికిన సాక్ష్యం" అనిపించుకోవాలంటే అది శిక్ష పడ్డాకే బయటికి రావాలి, అంతకుముందు వెతకడంలో నిర్లక్ష్యం ఉండకూడదు, కేసులోని ముఖ్యమైన అంశానికి సంబంధించి ఉండాలి, ఉన్న సాక్ష్యాన్నే మళ్లీ చెప్పేది కాకూడదు. ఇవన్నీ దాటాక, ఇది తెలిసి ఉంటే జ్యూరీకి సందేహం వచ్చేదన్న సహేతుకమైన అవకాశమూ కనిపించాలి. 2007లో చేయించగలిగిన పరీక్షని ఇప్పుడు చేయిస్తే "అప్పుడెందుకు చేయించలేదు?" అన్న ప్రశ్న తప్పదు.

"వచ్చాయి" అంటే ఎక్కడికి? లాయరు ఆఫీసుకా, కోర్టు ఫైలుకా? రిపోర్టు మీద సంతకం ఎవరిది, అఫిడవిట్ ఉందా?

"మాకు తెలుసు" దగ్గర డెన్నీ మూడు షరతులూ గుర్తు తెచ్చుకుంటే చాలు. ఇక "త్వరలో" పక్కన నేనైతే పెన్సిల్‌తో ఆ రోజు తేదీ వేస్తాను. ఆరు నెలల తర్వాత ఆ పేజీ తిప్పితే నవ్వొస్తుంది, ఒక్కోసారి జాలేస్తుంది.

విస్కాన్సిన్ సుప్రీంకోర్టు 2004లో స్టేట్ వర్సెస్ ఆలెన్ కేసులో ఒక మాట చెప్పింది. శిక్ష తర్వాత వేసే పిటిషన్‌కి విచారణ కావాలంటే ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్న ఆరింటికీ అందులో జవాబులుండాలని. జర్నలిజంలో మొదటి రోజు నేర్పే పాఠం లాయర్లకీ చెప్పాల్సి రావడం నాకు భలే అనిపిస్తుంది. పై పోస్టుని ఈ ఆరు ప్రశ్నలూ అడిగి చూడండి. ఒక్కదానికీ జవాబు రాదు.

అయితే లాయరు ఇలా మాట్లాడొచ్చా? చాలామంది అడిగే ప్రశ్న. మాట్లాడొచ్చు, కొన్ని గీతలు దాటకుండా. అమెరికా లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో 3.6వది ప్రకారం, విచారణకి గణనీయంగా హాని చేసే అవకాశం ఎక్కువగా ఉన్న మాటలు కేసులో ఉన్న లాయరు బయట అనకూడదు. విస్కాన్సిన్‌లోనూ ఇదే నియమం అమల్లో ఉంది. ఆ నియమానికి రాసిన వివరణే జ్యూరీ ముందు నడిచే క్రిమినల్ విచారణకి ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువని, జ్యూరీ లేని చోట తక్కువని ఒప్పుకుంటుంది. అప్పీలు లాయర్లకి దొరికిన వెసులుబాటు ఇదే. 1991లో జెంటైల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో, నెవాడాలో ప్రెస్‌మీట్ పెట్టిన ఒక డిఫెన్స్ లాయరు మీద తీసుకున్న చర్యని కొట్టేసింది కానీ, హాని కొలిచే ఆ ప్రమాణం మాత్రం సబబేనంది.

క్లయింటు రహస్యం కాపాడే సంగతి దీనికన్నా కఠినం. 2018లో ఆ లాయర్ల సంఘం ఇచ్చిన 480వ అభిప్రాయం ప్రకారం, కోర్టు ఫైల్లో అందరికీ కనిపించే విషయమైనా సరే, అది తన క్లయింటు కేసుకి సంబంధించినదైతే అతని అనుమతి లేకుండా లాయరు బయట రాయకూడదు. కాబట్టి ఒక పోస్టు కనిపిస్తే, దాని వెనక క్లయింటు సమ్మతి ఉండి తీరాలి.

డిఫెన్స్ మీదే ఇంత నిలదీత ఎందుకంటారా? న్యాయమైన ప్రశ్నే. ఇదే కేసులో స్పెషల్ ప్రాసిక్యూటర్ కెన్ క్రాట్జ్ 2006 మార్చిలో, అంటే జ్యూరీ ఎంపికకి చాలా ముందే, టీవీ కెమెరాల ముందు నేరాన్ని ఒళ్లు గగుర్పొడిచేలా వర్ణించాడు. అది ఏవరీ మేనల్లుడి నేరాంగీకారం ఆధారంగా చెప్పిన కథ. ఏవరీ విచారణలో ఆ నేరాంగీకారాన్ని ప్రాసిక్యూషన్ సాక్ష్యంగా పెట్టనే లేదు. జ్యూరీ ఇంకా రాబోతున్నప్పుడు అన్న మాట, జ్యూరీ వెళ్లిపోయిన పదేళ్లకి అన్న మాట – రెండింటినీ ఒకే తక్కెడలో వేయలేం. నా లెక్కలో మొదటిదే ఎక్కువ బరువు.

జెల్నర్ గెలిచిన కేసు ఒకటీ చూడాలి. మిస్సోరీలో రయన్ ఫెర్గూసన్ కోసం కూడా సోషల్ మీడియాలో పెద్ద ప్రచారమే నడిచింది. కానీ 2013లో అప్పీలు కోర్టు శిక్ష రద్దు చేయడానికి కారణం, ఒక సాక్షి భార్యతో జరిపిన ఇంటర్వ్యూ సంగతిని ప్రాసిక్యూషన్ డిఫెన్స్‌కి చెప్పకుండా దాచడం. ఎప్పుడు, ఎవరితో, ఎవరు మాట్లాడారన్నది ఉంది, కాగితం మీదికి వచ్చింది. ఆరు ప్రశ్నలకీ జవాబు ఉన్న సంగతి అది.

ఈ వారం పని. నోట్సులో ఒక పేజీని నాలుగు నిలువు గళ్లు చేయండి: పోస్టు తేదీ, అందులోని ప్రధాన క్రియ, పిటిషన్‌లో అదే విషయం ఉన్న పేజీ, దాని మీద కోర్టు రాసిన వాక్యం. ఏ కేసైనా తీసుకోండి, పది పోస్టులు చాలు. మూడో గడి ఖాళీగా ఉన్న వరసలకి ఎర్ర గీత పెట్టండి. మూడో గడి నిండి, నాలుగోది ఖాళీగా ఉన్న వరస దొరికితే దాన్ని విడిగా దాచుకోండి. లాయరు అడిగినా కోర్టు జవాబివ్వని విషయం అది. అలాంటివి ఎందుకు మిగిలిపోతాయో ఏడో పాఠంలో ఆ వరసలతోనే మొదలుపెడదాం.