వేరుశనగకు అఫ్లాటాక్సిన్ పట్టకుండా చూసుకోవడం ఎలా?

వేరుశనగ గింజను రెండు బద్దలుగా విడదీసి చూడండి. బద్దల మధ్య సందులో పసుపు, ఆకుపచ్చ కలిసిన పొడి కనిపిస్తే అది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కావచ్చు. పైపొర చెక్కు చెదరకుండా, గింజ చూడ్డానికి బాగానే ఉన్నా లోపల ఇది పెరగగలదు. దీని విషమే అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, వాటి దాణాలోని వేరుశనగ చెక్కలో (నూనె తీయగా మిగిలిన పిప్పిలో) బయటపడింది ఇదే. మనుషులకు కాలేయ క్యాన్సర్ తెస్తుందని నిర్ధారణ అయింది. వేయించినా, ఉడకబెట్టినా పూర్తిగా పోదు. కాబట్టి జాగ్రత్తంతా గింజకు పట్టకముందే పడాలి.

1. విత్తే ముందు

ఈ బూజు మట్టిలోనే, పాత పంట చెత్త మీద బతుకుతుంది. గట్టి ఉండల్లా మారి మళ్లీ పంట వచ్చేదాకా కాచుకుని ఉంటుంది. మొక్కజొన్నకూ ఇదే బూజు పడుతుంది కాబట్టి ఆ రెండు పంటలనూ ఒకే పొలంలో వెంటవెంటనే వేయకపోవడం మంచిది. బాగా చివికిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా (తెగుళ్ల బూజులను అణచే మేలుచేసే బూజు) కలిపి దుక్కిలో వేయండి. పగిలిన, ముడతలు పడిన విత్తనం ఏరేసి, మిగతాది విత్తనశుద్ధి చేసి విత్తండి.

మొలకలు గిడసబారి, ఆకులు చిన్నవై పాలిపోతే ఒకటి పీకి చూడండి. పక్కవేర్లు లేకుండా, విత్తనపు బద్దల మీద ఆకుపచ్చ బూజు ఉంటే విత్తనంతోనో మట్టితోనో వచ్చిన ఇదే తెగులు.

2. ఊడలు దిగేటప్పుడు

పూత తర్వాత మట్టిలోకి దిగి కాయలు కట్టే కాడలే ఊడలు. అవి దిగేటప్పుడు జిప్సం వేయండి. అందులోని కాల్షియంతో కాయ డొల్ల గట్టిపడుతుంది. ఊడలు దిగాక మాత్రం మొక్కల దగ్గర గుంటక తోలొద్దు. కాయకు తగిలిన ప్రతి గాయం బూజుకు దారే.

3. కోతకు ముందు నెల

అన్నిటికంటే కీలకం ఇదే. నీరు అందుతున్నంతకాలం గింజ బూజును అడ్డుకునే పదార్థాలను తనే తయారు చేసుకుంటుంది. బెట్ట తగిలి గింజలో తేమ తగ్గితే ఆ శక్తి పోతుంది. బూజు మాత్రం ఆ కొద్ది తేమతోనే పెరుగుతుంది. కాయలున్న మట్టి 25 నుంచి 31 డిగ్రీల వేడిలో, ఎండిపోయి ఉంటే దానికి అంతకంటే అనువైన సమయం లేదు.

‘ఎలాగూ పీకేసేదే కదా’ అని ఈ దశలోనే చాలామంది నీళ్లు ఆపేస్తారు. నన్నడిగితే, ఉన్న నీళ్లలో ఒకటి రెండు తడులు ఈ నెలకే దాచుకోవాలి. వర్షాధారంగా వేసేవాళ్లు వానలు ఆగిపోకముందే చేతికొచ్చే స్వల్పకాలిక రకం ఎంచుకోవడం మేలు. చెదలు కాయలను తొలుస్తున్నాయేమో కూడా మధ్యమధ్యలో మొక్క పీకి చూస్తుండాలి.

4. పీకడం, ఆరబెట్టడం

నాలుగైదు చోట్ల మొక్కలు పీకి కాయలు వలిచి చూడండి. ఎక్కువ కాయల డొల్ల లోపలివైపు నల్లబడితే పంట తయారైనట్టే. ఆలస్యం చేయొద్దు. ముందే చచ్చిపోయిన మొక్కల కాయలను మంచి కాయల్లో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు.

పీకిన మొక్కలను తలకిందులుగా, కాయలు పైకి ఉండేలా వరసలుగా పరవండి. పచ్చి మొక్కలను కుప్పేస్తే లోపల ఆవిరి పట్టి, విషం తయారవడానికి కొద్ది రోజులు చాలు. కాయలు కోశాక టార్పాలిన్ మీద పలచగా ఆరబోసి, సాయంత్రం మంచు పడకముందే కప్పేయండి. చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ గలగలలాడాలి. తేమ మీటరు ఉంటే 8 శాతం కంటే తక్కువ చూపించాలి.

5. వలవడం, ఏరడం, నిల్వ

సులువుగా వస్తాయని కాయల మీద నీళ్లు చల్లి వలుస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి, అన్ని రోజులు ఆరబెట్టిన కష్టమంతా ఒక్క పూటలో పోతుంది. నొక్కులు (ముడుచుకుపోయిన గింజలు), రంగు మారినవి, పురుగు తొలిచినవి ఏరేయండి. వాటిని గానుగకు పంపితే విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. ఆ చెక్క పశువులకు పెడితే విషం ఒకటి రెండు రోజుల్లోనే పాలలోకి వచ్చేస్తుంది, ఆ పాలు పసిపిల్లలు తాగుతారు. ఏరేసిన గింజలను తగలబెట్టేయడమే మంచిది.

నిల్వకు కాయలుగా ఉంచడమే మేలు. సంచులను చెక్క పలకల మీద, గోడకు ఎడంగా పేర్చండి.

6. పరీక్ష చేయించేటప్పుడు

నేరుగా తినే వేరుశనగకు యూరోపియన్ యూనియన్ పెట్టిన హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములే. అది కంటితో తేలే లెక్క కాదు, ల్యాబ్‌లోనే తేలాలి. విషం గింజలన్నిటిలో సమానంగా ఉండదు. వేల గింజల్లో ఒక్కదానిలోనే బోలెడంత ఉండొచ్చు. అందుకే ఒక్క సంచిలోంచి గుప్పెడు తీసి పంపకండి. ప్రతి సంచిలో పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి కొంచెం కొంచెం తీసి, అంతా కలిపి పొడి చేయించి, ఆ పొడిలోంచి నమూనా ఇవ్వండి.