ఇంట్లో మూలికలతో నూనె, బామ్, పొడులు చేసుకోవాలంటే ముందు నీళ్ల సంగతి చూడండి

చర్మానికి ఇంట్లో ఏదైనా చేసుకుందామని కూర్చునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: మీరు చేయబోయే దాంట్లో నీళ్లు ఉన్నాయా, లేవా? రోజ్ వాటర్, కలబంద గుజ్జు, పాలు, పెరుగు, పండ్ల రసం, ఆకుల కషాయం, ఇవన్నీ నీళ్ల కిందే లెక్క. నీళ్లున్న చోట బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి, అదీ మన కంటికి కనపడటానికి చాలా ముందే. నీళ్లు అసలు లేని నూనెలు, బామ్‌లు, పొడులు మాత్రం నెలల తరబడి బాగుంటాయి. నా దృష్టిలో ఇంటి తయారీలో ఇంతకంటే ముఖ్యమైన విషయం లేదు, కానీ చాలామంది ఏ ఆకు మంచిది, ఏ పువ్వు మంచిది అని వెతుకుతారు తప్ప దీని గురించి పట్టించుకోరు.

ఇది నాకు తెలిసొచ్చింది ఒక క్రీము వల్ల. రోజ్ వాటర్, కలబంద, బాదం నూనె, కరిగించిన తేనెమైనం కలిపి గిలక్కొడితే వెన్నలా తెల్లగా, చాలా అందంగా వచ్చింది. విటమిన్ ఇ వేశాను కదా, పాడవదులే అనుకున్నాను. తొమ్మిదో రోజు పొద్దున మూత తీసి చూస్తే మూత లోపలి అంచున, ఆవగింజంత బూడిదరంగు చుక్కలు మూడున్నాయి. క్రీము పైన ఏమీ లేదు, వాసన కూడా మారలేదు. అప్పటికి వారానికి పైగా దాన్ని రోజూ ముఖానికి రాస్తున్నాను. తర్వాత తెలుసుకున్నదేంటంటే విటమిన్ ఇ నూనె కనరెక్కకుండా కొంతవరకు ఆపుతుంది, అంతే, సూక్ష్మజీవుల మీద దానికి ఏ పట్టూ లేదు. టీ ట్రీ ఆయిల్ రెండు చుక్కలు వేస్తే చాలు, తేనె వేస్తే చాలు అని చెప్పే మాటలు కూడా నమ్మకండి. తేనె చిక్కగా ఉన్నంతవరకే పాడవదు, నీళ్లు కలిపిన తేనె పులుస్తుంది.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే వరస ఇది: ముందు మూలికల నూనె, దాంతో బామ్, తర్వాత పొడులు. తడి రకాలు కొద్దికొద్దిగా చేసుకుని త్వరగా వాడేయడమే.

సామాను పెద్దగా అక్కర్లేదు. గ్రాముల్లో తూచే చిన్న డిజిటల్ కాటా, వేడికి పగలని గాజు గిన్నె, అది పైన కూర్చునేలా ఒక చిన్న పాత్ర, పల్చటి నూలు గుడ్డ, మూత గట్టిగా పట్టే గాజు సీసాలు. కాటా లేకుండా స్పూన్లతో కొలిస్తే తేనెమైనం ముక్కలు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడతాయి, బామ్ ఒకసారి రాయిలా, ఒకసారి జావలా వస్తుంది. సీసాలు కడిగి, 10 నిమిషాలు నీళ్లలో మరిగించి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. మూత మరల్లో ఉండిపోయే తడి గురించి ప్రత్యేకంగా చెప్తున్నా, అక్కడ ఒక్క చుక్క మిగిలినా మన కష్టం వృథా.

ఇక నూనె. ఆకులు, పూలు పూర్తిగా ఎండాలి, ఇందులో సగం ఎండినవి అనే మాటే ఉండకూడదు. నీడలో, గాలి ఆడే చోట పల్చగా పరిచి ఎండబెట్టండి. ఎండాయో లేదో తెలుసుకోవడం ఎలా అంటే, ఆకుని వేళ్ల మధ్య నలిపితే గలగలమని విరిగి పొడి అవ్వాలి, వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. పూలతో మోసపోయేది తొడిమ దగ్గర. రేకులు కరకరలాడుతుంటాయి, కింద ఆకుపచ్చగా ఉండే ఆ గట్టి భాగం మాత్రం ఇంకో వారం దాకా తడిగానే ఉంటుంది. అందుకే నేను పూల రేకులు విడదీసి, ఆ భాగం పారేస్తాను. ఇంకా అనుమానంగా ఉంటే ఇవాళ తూచి రాసిపెట్టుకోండి, రేపు మళ్లీ తూచండి. బరువు తగ్గితే ఇంకా ఎండాలి, తగ్గకపోతే సిద్ధం.

ఏం వేయాలి అంటే, పొడి చర్మానికి కాలెండులా పూలు నాకు చాలా ఇష్టం. ఇది మామూలు బంతి పువ్వు కాదు, చూడటానికి దగ్గరగా ఉన్నా మొక్క వేరు, కొనేటప్పుడు చూసుకోండి. చామొమైల్, గులాబీ రేకులు, తులసి, వేపాకు కూడా బాగుంటాయి. వేప వాసన ఘాటుగా ఉంటుంది, నూనె చేశాక కూడా ఆ వాసన పోదు, కాబట్టి మొదటిసారి కొంచెమే చేసి చూడండి. చామంతి కుటుంబం పూలంటే పడనివాళ్లు కాలెండులా, చామొమైల్ రెండింటితోనూ జాగ్రత్తగా ఉండాలి, అవీ ఆ కుటుంబమే.

నూనెల్లో నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె రెండూ ఒంటికి బాగుంటాయి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, చల్లటి రోజుల్లో వడకట్టడం ఇబ్బంది, పైగా మొటిమలు వచ్చే ముఖానికి అది రంధ్రాలు మూసేస్తుంది, ఒంటికీ మడమలకీ వాడుకోండి. ఆలివ్ నూనె అందరికీ మంచిదని రాసేస్తుంటారు కానీ, బాగా పొడిబారే చర్మానికీ, ఎగ్జిమా ఉన్నవాళ్లకీ, పసిపిల్లలకీ అది పైపొరని ఇంకా బలహీనం చేయొచ్చు, అక్కడ పొద్దుతిరుగుడు నూనే మేలు. జొజోబా నిజానికి నూనె కాదు, ద్రవరూపంలో ఉండే మైనం, అందుకే చాలాకాలం కనరెక్కదు. ముఖానికి చేసేటప్పుడు నేను దాన్నే ఎంచుకుంటాను.

20 గ్రాముల ఎండు పూలకి 200 మిల్లీలీటర్ల నూనె సరిపోతుంది. పూలన్నీ మునిగి పైన ఒక అంగుళం నూనె తేలాలి, పైకి తేలిన రేకు దగ్గరే బూజు మొదలవుతుంది. సీసాని ఎండలో పెట్టమని చాలాచోట్ల ఉంటుంది, వెలుతురు తగిలితే నూనె త్వరగా పాడవుతుంది, కాబట్టి చీకటిగా, కాస్త వెచ్చగా ఉండే అల్మరాలో 4 నుంచి 6 వారాలు ఉంచి రోజూ ఒకసారి కదపండి. అంత ఓపిక లేకపోతే పాత్రలో నీళ్లు వేడి చేసి, పైన గాజు గిన్నెలో నూనె, పూలు పెట్టి సన్నటి సెగ మీద 2, 3 గంటలు ఉంచండి. నూనె 50, 60 డిగ్రీల మధ్య ఉంటే చాలు, గిన్నె అంచు ముట్టుకుంటే చురుక్కుమనాలి కానీ నూనె మరగకూడదు. ఆ వేడికే నూనెలో చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయంటే లోపల ఇంకా తడి ఉందని అర్థం.

వడకట్టేటప్పుడు గుడ్డని చివరిదాకా గట్టిగా పిండకండి. ఆఖరి బొట్లలోనే మడ్డి, మిగిలిపోయిన తడి ఉంటాయి, వాటిని కాళ్లకో చేతులకో అప్పుడే రాసేసుకోండి. మిగతా నూనెని ఒక రాత్రి కదపకుండా ఉంచి, పొద్దున సీసా వెలుతురుకి ఎత్తి చూడండి. అడుగున ముత్యాల్లా గుండ్రంగా జారే బిందువులు కనిపిస్తే అవి నీళ్లు. పై నూనెని మెల్లగా ఇంకో పొడి సీసాలోకి వంచుకుని, అడుగు వదిలేయండి. ఇలా చేసిన నూనె 6 నెలలు హాయిగా వస్తుంది. పాత రంగుడబ్బా వాసనో, మైనపు క్రేయాన్ వాసనో వచ్చిందంటే కనరెక్కినట్టే, పారేయండి.

నూనె చేతికొచ్చాక బామ్ చాలా తేలిక. 80 గ్రాముల నూనెకి 20 గ్రాముల తేనెమైనం. ఇది డబ్బాలో గట్టిగా నిలబడి, వేలు పెడితే కరిగే రకం. ఇంకా మెత్తగా కావాలంటే మైనం 14, 15 గ్రాములకి తగ్గించండి, పెదాలకి పుల్లలా చేసుకోవాలంటే 25కి పెంచండి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి కింద నీళ్ల వేడి చాలు, గిన్నెని నేరుగా మంట మీద పెట్టొద్దు. ఆవిరి గిన్నెలో పడకుండా చూసుకోండి. కరిగాక ఒక స్పూనుతో కొద్దిగా తీసి 2 నిమిషాలు ఫ్రీజర్లో పెట్టండి. వేలితో గీరి, చేతి వెనక రాసి చూడండి. గట్టిగా ఉంటే ఇంకాస్త నూనె, జారిపోతుంటే ఇంకాస్త మైనం. డబ్బాల్లో పోసేశాక ఇది సరిచేయాలంటే అన్నీ మళ్లీ కరిగించాలి, ఈ 2 నిమిషాలు మాత్రం బద్ధకించకండి. పోసిన తర్వాత పూర్తిగా చల్లారేదాకా కదపొద్దు, మూత పెట్టొద్దు. తేనెమైనం వాడనివాళ్లు మొక్క నుంచి వచ్చే కాండెలిల్లా మైనం వాడొచ్చు, అది ఇంకా గట్టిది కాబట్టి దాదాపు సగం చాలు. షియా గింజల నుంచి తీసే వెన్నలాంటి షియా బటర్ వేస్తే మెల్లగా చల్లారినప్పుడు రవ్వలు కడుతుంది, అలాంటప్పుడు డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా గడ్డకట్టించండి.

తేనెమైనం, నూనె కలపడం కొత్త సంగతేం కాదు. 2వ శతాబ్దంలో రోమ్‌లో ఉన్న గాలెన్ అనే వైద్యుడు తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీళ్లు కలిపి చేసిన లేపనమే కోల్డ్ క్రీముకి మూలమని చెప్తారు. మనం ఆ గులాబీ నీళ్లు వదిలేస్తున్నాం, అంతే తేడా.

పొడుల దగ్గర పెద్ద విద్య లేదు. పెసరపిండి 2 వంతులు, మెత్తగా పట్టిన ఓట్స్ ఒక వంతు, ముల్తానీ మట్టి అర వంతు, ఇష్టమైతే గులాబీ రేకుల పొడి. మెత్తటి జల్లెడలో రెండుసార్లు జల్లించండి, ముఖ్యంగా ముఖానికైతే బరకగా ఉండకూడదు. ఓట్స్ సరిగ్గా మెదిగాయో లేదో చూడాలంటే గ్లాసు నీళ్లలో ఒక స్పూను కలపండి, నీళ్లు పాలలా మారాలి, అడుగుకి చేరిపోతే ఇంకా పట్టాలి. దురద, పొడిదనం ఉన్న చర్మానికి ఓట్స్ నిజంగా పనిచేస్తాయి, అమెరికాలో ఆహారం, మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2003లో మెత్తటి ఓట్ పొడిని చర్మాన్ని కాపాడే పదార్థంగా గుర్తించింది. డబ్బాలో తడి చెయ్యి పెట్టకండి, పొడి స్పూనుతో అరచేతిలోకి తీసుకుని అక్కడే నీళ్లు కలుపుకోండి. మట్టి ఉన్న పూతని బీటలు వారేదాకా ఉంచొద్దు, అంచులు ఆరడం మొదలవగానే కడిగేయండి.

తడి రకాల్లో కలబంద ఒక్కదాని గురించి చెప్తాను. ఆకు కోయగానే కారే పసుపు రసం చర్మాన్ని మండిస్తుంది. ఆకుని కోసిన వైపు కిందికి ఉండేలా గిన్నెలో నిలబెట్టి 15 నిమిషాలు వదిలేయండి, కారాల్సిందంతా కారాక కడిగి, తొక్క తీసి, లోపలి పారదర్శకమైన గుజ్జే తీసుకోండి. ఫ్రిజ్‌లో 3, 4 రోజులు మించి ఉంచకండి. ఎక్కువ వచ్చిందా, ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, రోజుకో ముక్క బయటికి తీయండి. కషాయాలు, టోనర్లు కూడా ఇంతే, 2 రోజుల్లో అయిపోయేంతే చేయండి. నిలవుండే క్రీమే కావాలి అనుకుంటే నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచే ఎమల్సిఫయింగ్ వ్యాక్స్, అన్ని రకాల సూక్ష్మజీవుల మీద పనిచేసే ప్రిజర్వేటివ్, పులుపు ఎంతుందో చూపే పీహెచ్ పేపర్లు (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), గ్రాములో పదో వంతు తేడా కూడా పట్టే కాటా, ఇవన్నీ ఉండాలి. ప్రిజర్వేటివ్ అంటే భయపడతారు కానీ, బూజు పట్టిన సహజమైన క్రీము కంటే అదే చర్మానికి మంచిది.

నిమ్మరసం ముఖానికి వద్దు, గట్టిగా చెప్తున్నా. మన చర్మం పీహెచ్ సుమారు 5, నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. పైగా నిమ్మజాతి రసం తగిలిన చోట ఎండ పడితే బొబ్బలెక్కి, నెలల తరబడి పోని నల్లటి మచ్చలు పడొచ్చు. వంటసోడా దానికి రెండో వైపు, పీహెచ్ 8 దాటుతుంది, చర్మం సహజంగా కట్టుకున్న ఆమ్లపు పొరని దెబ్బతీస్తుంది. దాల్చినచెక్క పొడి మండిస్తుంది. ఇంట్లో చేసిన సన్‌స్క్రీన్ నమ్ముకుని ఎండలోకి వెళ్లొద్దు, ఏ నూనె కలిపినా, జింక్ పొడి కలిపినా అది ఎంత కాపాడుతుందో ఇంట్లో కొలవలేం. ఎసెన్షియల్ ఆయిల్స్, అంటే మొక్కల నుంచి తీసిన ఘాటైన సువాసన నూనెలు, ముఖానికైతే 1 శాతం దాటొద్దు, అంటే 30 మిల్లీలీటర్ల నూనెకి సుమారు 6 చుక్కలు. నేనైతే పసిపిల్లలకి రాసేవాటిలో అసలు వేయను.

ఏది చేసినా ముందు మోచేతి మడతలో కొద్దిగా, రోజుకి రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. ఒక్క రోజు చూసి ఏమీ కాలేదు కదా అనుకుంటే పొరపాటు, అలర్జీ 2, 3 రోజుల తర్వాత బయటపడటం మామూలే. ఒకేసారి ఆరు మూలికలు కలిపి చేస్తే ఏది పడలేదో ఎలా తెలుస్తుంది? అందుకే మొదటి నూనె ఒకే పువ్వుతో, ఒకే నూనెతో చేయండి. తెగిన చోట, చీము ఉన్నచోట, కాలిన చోట ఇవేవీ రాయకండి, అది డాక్టరు చూడాల్సిన పని.

ఇంకొకటి, సీసా మీద చీటీ అంటించండి. చేసిన తేదీ, అందులో వేసినవన్నీ. బాదం నూనె వాడితే ఆ మాట పెద్ద అక్షరాలతో రాయండి, ఎందుకంటే బామ్ బాగుందని మీరు స్నేహితులకి ఇస్తారు, వాళ్లింట్లో ఎవరికి ఏది పడదో మీకు తెలియదు.