షూబర్ట్, బెరియో ఒకే కాన్సర్ట్‌లో ఉంటే ఎలా వినాలి

ఒకే సాయంత్రం వియన్నా సంగీతకర్త షూబర్ట్ రాసిన అన్‌ఫినిష్డ్ (అసంపూర్ణ) సింఫనీ, ఇంటర్వెల్ తర్వాత ఇరవయ్యో శతాబ్దపు ఇటలీ సంగీతకర్త లుచానో బెరియో రాసిన ‘రెండరింగ్’ అనే ఆర్కెస్ట్రా రచన, ఇలాంటి ప్రోగ్రామ్‌కి టికెట్ దొరికితే ఊరికే వెళ్లి కూర్చోకండి, ముందురోజు ఓ గంట కేటాయించండి చాలు.

ముందు అన్‌ఫినిష్డ్ ఫస్ట్ మూవ్‌మెంట్, అంటే మొదటి భాగం, రెండుసార్లు వినండి. ఈ సింఫనీ 1822 నాటిది, షూబర్ట్ రెండు మూవ్‌మెంట్లు పూర్తిచేసి వదిలేశాడు. మొదట చెల్లోలు, డబుల్ బేస్‌లు (పెద్ద వయొలిన్‌ల్లాంటి వాయిద్యాలు) అడుగున గొణుగుతాయి, కాసేపటికి చెల్లోలే ఓ తియ్యటి ట్యూన్ ఎత్తుకుంటాయి, అది హాయిగా సాగుతూ సాగుతూ టక్కున తెగిపోయి ఒక బార్ (ఒక తాళం చుట్టు లాంటిది) మొత్తం నిశ్శబ్దం, వెంటనే ఆర్కెస్ట్రా అంతా మీద పడుతుంది. ఆ తెగిన చోటు బాగా గుర్తుపెట్టుకోండి, బెరియోని వినడానికి మీకు అదే ట్రైనింగ్.

ఎందుకంటే షూబర్ట్ 1828లో 31 ఏళ్లకే పోయాడు, ఆఖరి వారాల్లో డి మేజర్ స్కేల్‌లో ఇంకో సింఫనీకి చిత్తు రాసుకున్నాడు, నిండా ఖాళీలు. కొందరు అచ్చం షూబర్ట్‌లా రాసి వాటిని పూడ్చేశారు. బెరియో 1989-90లో ఆ పని చెయ్యలా, చిత్తు ఉన్నంతవరకు షూబర్ట్ పద్ధతిలో ఆర్కెస్ట్రాకి రాసి, అది ఆగిన చోట తన మసక సంగీతం పెట్టాడు. ఇటలీలోని అసీసీలో పాతకాలపు చిత్రకారుడు జొట్టో గోడబొమ్మలు బాగుచేసేవాళ్లు రాలిపోయిన చోట పాత రంగు ఉన్నట్టు నటించరు కదా, బెరియో ఇచ్చిన పోలికే ఇది. నాకైతే పూడ్చినవాటికన్నా ఇదే నిజాయితీగా అనిపిస్తుంది.

ఖాళీ వచ్చిందని ఎలా తెలుస్తుంది అంటారా, సెలెస్టా అనే వాయిద్యం మోగుతుంది. చూడ్డానికి చిన్న పియానోలా ఉంటుంది, లోపల స్టీలు పలకలు, దూరంగా చిరుగంటల్లా సౌండ్. చైకోవ్‌స్కీ బాలే నట్‌క్రాకర్‌లో షుగర్ ప్లమ్ ఫెయిరీ డాన్స్ వింటే ఆ సౌండ్ ఇక మర్చిపోరు. ఇది పుట్టిందే 1886లో, కాబట్టి షూబర్ట్ చెవిన పడే ఛాన్సే లేదు, అది మోగిందంటే మీరు ఖాళీలో ఉన్నట్టే. ఆ మసకలో షూబర్ట్ చివరి పియానో సొనాటా (పియానో ఒక్కదానికే రాసిన రచన) ముక్కలు కూడా తేలుతుంటాయి, పట్టుకోలేకపోయినా ఫికర్ లేదు. హాల్‌లో కూర్చోగానే సెలెస్టా ఎక్కడుందో చూసుకోండి, మూల సీటైతే కనపడదు.

ఇంకోటి, మన కచేరీలోలా భలే, శభాష్ అనకండి, తొడ మీద తాళం కూడా వద్దు, మూవ్‌మెంట్ల మధ్య చప్పట్లు కొట్టరు, కండక్టర్ చేతులు పూర్తిగా దించేదాకా ఆగండి.