మ్యూజియం పండుగలో ఇడ్లీ పిండి పొంగడం పిల్లలకు ఎలా చూపించాలి?

బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం లాంటి చోట పిల్లల కోసం ఆహార విజ్ఞాన పండుగ జరిగితే, తెలుగువాళ్ల బల్ల మీద ఇడ్లీ పిండి ఉండి తీరాలి. చాలామంది ఇంట్లో పులిసిన పిండిని గిన్నెతో తెచ్చి ‘ఇదిగో, పులిసింది’ అని చూపిస్తారు. దాంతో పిల్లలకు ఏం తెలుస్తుంది? వాళ్ల కళ్ల ముందే పొంగాలి.

మూడు ఒకే సైజు గాజు సీసాలు, రబ్బరు బ్యాండ్లు, థర్మామీటరు, రెండు ధర్మాకోల్ పెట్టెలు చాలు. గ్లాసు మినప్పప్పు నానబెట్టి, గ్రైండర్లో మెత్తగా రుబ్బి, కడిగి పిండిన రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలపండి. మిక్సీ వద్దు. కల్లుప్పే వెయ్యండి.

రెండు సీసాల్లో ఈ పిండి, మూడోదాంట్లో మినప్పప్పు లేకుండా తడి రవ్వ మాత్రమే, సగానికి నింపండి. పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వెయ్యండి.

అందరూ పాడుచేసేది వేడి దగ్గరే. చెన్నైలో రాత్రికి రాత్రి పొంగే పిండి, బెంగళూరు డిసెంబరు చలికి తెల్లారినా కదలదు. కంగారుపడి కొందరు ఈస్టో సోడానో కలిపేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇడ్లీ పిండిని ప్రధానంగా పొంగించేది ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. అది మినప్పప్పుతోనే వస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మినప జిగురు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. ఈస్టు వేస్తే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే.

తెల్లవారుజామున ఐదింటికి రుబ్బండి. పొంగకముందే మ్యూజియానికి చేర్చండి, పొంగాక కారెక్కిస్తే స్పీడ్ బ్రేకర్ల కుదుపుకి గాలి పోయి కూర్చుంటుంది. పిండి సీసా ఒకటి, రవ్వ సీసా ఒకటి 30 నుంచి 32 డిగ్రీల నీళ్లున్న పెట్టెలో, మిగిలిన పిండి సీసా ఐసు పెట్టెలో పెట్టండి. వేలు పెట్టి అంచనా వెయ్యొద్దు, థర్మామీటరే చూడండి. అరగంటకోసారి చూసి, చల్లారితే కొంచెం కొంచెంగా వేడినీళ్లు కలపండి. ఒక్కసారిగా మరుగునీళ్లు పోస్తే బ్యాక్టీరియా చస్తుంది, ఆ రోజుకి పొంగు ఉండదు. మూత బిగించొద్దు, గాలి ఒత్తిడికి సీసా పగలొచ్చు. గరిటె అసలే పెట్టొద్దు. మధ్యాహ్నానికి ఒక్క సీసాలోనే పిండి బ్యాండు దాటి పైకొస్తుంది. మిగతా రెండూ ఎందుకు రాలేదో పిల్లలనే అడగండి.

పాలు పులియడం సూక్ష్మజీవుల పనేనని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1857లో చెప్పిన సంగతి అప్పుడు చెబితే బుర్రకెక్కుతుంది. గోడకు యల్లాప్రగడ సుబ్బారావు బొమ్మ పెట్టండి. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్ తయారుచేసిన బృందాన్ని నడిపించిన మన శాస్త్రవేత్త.

రవ్వ ఇడ్లీ ఆఖర్న. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం కొరత వల్ల పుట్టిందని బెంగళూరు ఎంటీఆర్ హోటల్ వారు చెప్పే వంటకం ఇది. పెరుగు కలిపిన బొంబాయి రవ్వలో చిటికెడు వంటసోడా పిల్లల చేతే వేయించండి, వెంటనే బుడగలొస్తాయి. ఇది ముందే చూపిస్తే సీసాల దగ్గర ఎవరూ నిలబడరు.

పచ్చి పిండి ఎవర్నీ రుచి చూడనివ్వకండి. అందరి చేతులూ పడ్డ పిండి కాబట్టి మిగిలింది ఇంటికి తెచ్చి వండొద్దు.