స్పామ్ ఎవరి పుణ్యమో ఈమెయిల్ అడ్రస్‌తోనే కనిపెట్టడం

జీమెయిల్, అవుట్‌లుక్ రెండింటిలోనూ మీ పేరు తర్వాత, @ గుర్తుకు ముందు ప్లస్ పెట్టి ఏ మాట తగిలించినా మెయిల్ మీకే వస్తుంది. 'మీపేరు+షూస్' అన్నట్టు, ఇంగ్లిష్ అక్షరాల్లో. ఒక్కో సైట్‌కి ఒక్కో తోక ఇస్తే ఎవరి దగ్గర నుంచి అడ్రస్ బయటికి పోయిందో తెలుస్తుంది. అయితే కొన్ని తిప్పలు తప్పవు.

సమస్య: 'షూస్' తోకకి లోన్ ఆఫర్లు వస్తున్నాయి.
కారణం: ఆ సైట్ మీ అడ్రస్ అమ్మేసి ఉండొచ్చు, లేదా వాళ్ల డేటానే ఎవరో దోచుకుని ఉండొచ్చు. రెండింట్లో ఏదన్నది తోక చెప్పదు, అందుకని తిట్లు తర్వాత.
పరిష్కారం: ముందు ఆ సైట్‌లో పాస్‌వర్డ్ మార్చండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడా మార్చాలి. తర్వాత సైట్‌కి కొత్త తోక ఇచ్చి, పాత తోకకి వచ్చేవన్నీ డిలీట్ అయ్యేలా ఫిల్టర్ పెట్టండి.

సమస్య: స్పామ్ మెయిల్‌లో 'టు' దగ్గర నా అడ్రసే లేదు.
కారణం: బీసీసీలో, అంటే అందుకునేవాళ్ల అడ్రస్ బయటికి కనిపించకుండా పంపి ఉండొచ్చు.
పరిష్కారం: జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కి, 'డెలివర్డ్-టు' అన్న వరుస చూడండి. తోక అక్కడ దొరుకుతుంది.

సమస్య: ప్లస్ పెడితే 'ఇన్‌వాలిడ్ ఈమెయిల్' అంటోంది.
కారణం: తప్పు మీది కాదు, ఫారం రాసినవాళ్లది. ఈమెయిల్ నియమాల ప్రకారం ప్లస్ చెల్లుతుంది. కొన్ని సైట్లు చేర్చుకునేటప్పుడు ఒప్పుకుని, అన్‌సబ్‌స్క్రైబ్ లింక్‌లో మాత్రం ప్లస్‌ని ఖాళీగా చదివి 'మీరెవరో తెలీదు' అంటాయి. మరీ విడ్డూరం!
పరిష్కారం: మామూలు జీమెయిల్ పేరులో చుక్కలను పట్టించుకోదు. 'మీపేరు' బదులు 'మీ.పేరు' ఇవ్వండి. ఆఫీసు, కాలేజీ అకౌంట్లలో మాత్రం చుక్కకి విలువ ఉంటుంది, అక్కడ ఇది పనిచేయదు.

సమస్య: తోక ఇచ్చినా స్పామ్ అసలు అడ్రస్‌కే వస్తోంది.
కారణం: ప్లస్ నుంచి @ వరకు కత్తిరించేస్తే మీ అసలు అడ్రస్ మిగులుతుంది. ఆ పని ఒక్క లైన్ కోడ్‌తో అయిపోతుంది. నా లెక్కలో ప్లస్ తోక దొంగని పట్టే చిట్కానే కానీ తలుపుకి తాళం కాదు.
పరిష్కారం: నమ్మకం లేని చోట అసలు అడ్రస్ ఇవ్వకుండా, వచ్చిన మెయిల్‌ని మీ అసలు అడ్రస్‌కి చేరవేసే మారు అడ్రస్ ఇవ్వండి. యాపిల్ 'హైడ్ మై ఈమెయిల్', ఫైర్‌ఫాక్స్ రిలే, సింపుల్‌లాగిన్ ఇందుకే ఉన్నాయి. స్పామ్ మొదలైతే ఆ ఒక్క అడ్రస్ ఆపేస్తే సరి. సొంత డొమైన్ (@ తర్వాత వచ్చే సొంత పేరు) ఉన్నవాళ్లు క్యాచ్-ఆల్, అంటే @ ముందు ఏ పేరు రాసినా మెయిల్ తమకే వచ్చే ఏర్పాటు, పెట్టుకోవచ్చు గానీ, ఊహించి పంపే చెత్త కూడా అందులోకి వచ్చి పడుతుంది.

సమస్య: లాగిన్ కావడం లేదు, ఏ తోక ఇచ్చానో గుర్తులేదు.
కారణం: సైట్ దృష్టిలో ఒక్కో తోకా ఒక్కో మనిషి.
పరిష్కారం: ఇన్‌బాక్స్‌లో ఆ సైట్ పంపిన పాత మెయిల్ తెరిచి, ఏ అడ్రస్‌కి వచ్చిందో చూడండి. ఇకమీదట పాస్‌వర్డ్ మేనేజర్‌లో పూర్తి అడ్రస్ దాచుకోండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడ్రస్ చెబితే, అందులో తమ కంపెనీ పేరే విని అవతలివాళ్లు తికమకపడతారు. అక్షరం అక్షరం చెప్పడానికి సిద్ధంగా ఉండండి.