అమెరికా ప్రైమరీ ఎన్నికల ఎగ్జిట్ పోల్ పట్టికను చదవడం ఎలా?

మనకు ఎగ్జిట్ పోల్ అంటే సీట్ల లెక్క. చివరి విడత పోలింగ్ ముగిసిన సాయంత్రం టీవీల్లో ఫలానా కూటమికి ఇన్ని, ఫలానా పార్టీకి ఇన్ని అంటూ మోగిపోతుంది. 2024 జూన్ 1న చాలా సంస్థలు ఎన్‌డీఏని 350 దాటించేశాయి. జూన్ 4న డబ్బాలు తెరిస్తే వచ్చినవి 293. ఈ అలవాటుతో అమెరికా ప్రైమరీ రాత్రి వచ్చే ఎగ్జిట్ పోల్ ముందు కూర్చుంటే ఏమీ బోధపడదు. అందులో సీట్లుండవు, గెలుపు జోస్యమూ ముఖ్యం కాదు. ఓటేసిన వాళ్లలో మహిళలు ఎంతమంది, నల్లజాతి వారు ఎంతమంది, డిగ్రీ ఉన్నవారు ఎంతమంది అని వరసలుంటాయి. ప్రతి వరసకీ ఎదురుగా ఏ అభ్యర్థికి ఎంత శాతం పడిందో ఉంటుంది. ఎవరు గెలిచారో ఓట్ల లెక్కింపు ఎలాగూ చెబుతుంది. ఎవరి ఓట్లతో గెలిచారన్నదే ఈ పట్టిక పని. చదవడానికి హెచ్చవేతలు వస్తే చాలు, కాస్త అనుమానబుద్ధి కూడా ఉంటే మంచిది.

ముందు, ఓటు వేయనిచ్చింది ఎవరినో చూసుకోండి

ప్రైమరీ అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక. కానీ అందులో ఎవరు ఓటేయవచ్చన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. న్యూహాంప్‌షైర్‌లో ఏ పార్టీలోనూ పేరు నమోదు చేసుకోని ఓటరు ఆ రోజు తనకు నచ్చిన పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. సౌత్ కరోలినాలో ఓటరు జాబితాలో పార్టీ పేరే ఉండదు కాబట్టి ఎవరైనా ఏదో ఒక ప్రైమరీకి వెళ్లవచ్చు. మరికొన్ని చోట్ల పార్టీలో నమోదైన వారికే ప్రవేశం.

ఇది తెలియకుండా పట్టిక చదివితే బోల్తా పడతాం. 2024 జనవరిలో న్యూహాంప్‌షైర్ రిపబ్లికన్ ప్రైమరీలో ట్రంప్‌కి 54 శాతం, నిక్కీ హేలీకి 43 శాతం వచ్చాయి. ఈ అంకెలు చూస్తే 'ట్రంప్‌కి గట్టి పోటీ ఇచ్చింది' అనిపిస్తుంది. ఎగ్జిట్ పోల్‌లో మాత్రం మరో సంగతి బయటపడింది. తమను తాము రిపబ్లికన్లుగా చెప్పుకున్న వారిలో నలుగురికి దాదాపు ముగ్గురు ట్రంప్ వైపే ఉన్నారు. హేలీ బలమంతా స్వతంత్రులుగా చెప్పుకున్న వారిలో ఉంది. అంటే పార్టీలో పోటీ అనుకున్నది చాలావరకు పార్టీ గడప బయట నుంచి వచ్చిన ఓటు. నెల తిరిగేసరికి, తాను గవర్నర్‌గా చేసిన సౌత్ కరోలినాలోనే ఆమె దాదాపు 60-40 తేడాతో ఓడిపోయారు.

వరసలో ఉన్న రెండు అంకెల్నీ కలిపి చదవండి

అసలు పని ఇక్కడుంది. ప్రతి వరసలో రెండు వేర్వేరు అంకెలుంటాయి. ఒకటి, మొత్తం ఓటర్లలో ఆ వర్గం వాటా. రెండోది, ఆ వర్గంలో అభ్యర్థికి దక్కిన మద్దతు. టీవీ వాళ్లు రెండోదాన్నే పెద్దక్షరాల్లో చూపిస్తారు, మొదటిది ఓ మూల చిన్నగా ఉంటుంది. ఏదో ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. రెంటినీ హెచ్చవేయాలి.

2008 జనవరి 8, న్యూహాంప్‌షైర్ డెమొక్రటిక్ ప్రైమరీ తీసుకుందాం. అంతకు అయిదు రోజుల ముందు అయోవాలో ఒబామా గెలిచారు. న్యూహాంప్‌షైర్ సర్వేలు కూడా ఆయనే ముందున్నారని చెప్పాయి. తీరా గెలిచింది హిల్లరీ క్లింటన్, 39 శాతానికి 36 చిల్లరతో. ఎగ్జిట్ పోల్ పట్టిక ప్రకారం ఓటర్లలో మహిళలు 57 శాతం. వారిలో 46 శాతం క్లింటన్‌కి, 34 శాతం ఒబామాకి వేశారు. పురుషులు 43 శాతం. వారిలో 29 శాతం క్లింటన్‌కి, 40 శాతం ఒబామాకి.

కాగితం మీద వేయండి. 57లో 46 శాతమంటే 26.2. 43లో 29 శాతమంటే 12.5. రెండూ కలిపితే 38.7. అసలు ఫలితం 39.1, దాదాపు సరిపోయింది. ఒబామాకి కూడా ఇలాగే వేస్తే 36.6 వస్తుంది. ఏ పట్టిక చేతికొచ్చినా ముందు ఈ కూడిక చేసి చూడండి. ఫలితానికి దగ్గరగా రాకపోతే మీరు పట్టికను తప్పు దిశలో చదువుతున్నట్టు, లేదా అది ఇంకా సవరించని పట్టిక అయినట్టు.

తప్పు దిశ అంటే ఏమిటంటే, 'మహిళల్లో 46 శాతం క్లింటన్‌కి వేశారు' అన్నది ఒక మాట, 'క్లింటన్ ఓటర్లలో మహిళలు ఇంత శాతం' అన్నది పూర్తిగా వేరే మాట. రెండోది కావాలంటే 26.2ని 38.7తో భాగించాలి. 68 వస్తుంది. అంటే క్లింటన్‌కి పడిన ప్రతి మూడు ఓట్లలో రెండు మహిళలవి. ఈ రెండు వాక్యాలనూ ఒకదానికి బదులు మరొకటి వాడేయడం పత్రికల్లో, వాట్సాప్‌లో రోజూ జరిగేదే.

ఇప్పుడు వాటాను మార్చి చూడండి. అదే మద్దతు ఉంచి, మహిళలూ పురుషులూ చెరి సగం వచ్చారనుకుంటే క్లింటన్‌కి 37.5, ఒబామాకి 37. ఫలితం దాదాపు సమం. మహిళలు ఎక్కువగా మొగ్గడమే కాదు, ఎక్కువగా రావడం కూడా ఆమె గెలుపులో భాగమే. అయోవాలో మహిళల్లోనూ ఒబామాదే పైచేయి, 35-30తో. అయిదు రోజుల్లో అది తిరగబడింది.

ఆధిక్యాన్ని వర్గాలుగా విడగొట్టండి

ఇంకో అడుగు ముందుకు వేద్దాం. 2020 ఫిబ్రవరి 29, సౌత్ కరోలినా. మొదటి మూడు రాష్ట్రాల్లో చతికిలపడ్డ జో బైడెన్ ఇక్కడ డెమొక్రటిక్ ప్రైమరీలో 48.6 శాతం తెచ్చుకున్నారు, ప్రత్యర్థి బెర్నీ శాండర్స్‌కి 19.8. తేడా దాదాపు 29 పాయింట్లు. ఓటర్లలో నల్లజాతి వారు 56 శాతం. వారిలో బైడెన్‌కి 61, శాండర్స్‌కి 17. శ్వేతజాతి ఓటర్లు 40 శాతం. వారిలో బైడెన్‌కి 33, శాండర్స్‌కి 23.

ప్రతి వర్గంలో తేడాను వాటాతో హెచ్చవేయండి. నల్లజాతి ఓటర్లలో తేడా 44, దాని 56 శాతం 24.6 పాయింట్లు. శ్వేతజాతి ఓటర్లలో తేడా 10, దాని 40 శాతం 4 పాయింట్లు. 29లో దాదాపు 25 ఒక్క వర్గం నుంచే వచ్చాయి. 'బైడెన్ రెండు వర్గాల్లోనూ గెలిచారు' అన్నది నిజమే. ఆ ఘనవిజయాన్ని కట్టబెట్టిందెవరో మాత్రం ఆ వాక్యం చెప్పదు, ఈ హెచ్చవేత చెబుతుంది.

వాటా తగ్గితే జనం తగ్గారనుకోకండి

అదే రాష్ట్రంలో 2016లో నల్లజాతి ఓటర్ల వాటా 61 శాతం. 2020లో 56. చూడగానే 'ఉత్సాహం తగ్గింది' అనాలనిపిస్తుంది. తొందరపడొద్దు. 2016లో డెమొక్రటిక్ ప్రైమరీలో పోలైన ఓట్లు 3.7 లక్షలు, 2020లో 5.39 లక్షలు. 3.7 లక్షల్లో 61 శాతమంటే సుమారు 2.26 లక్షలు. 5.39 లక్షల్లో 56 శాతమంటే 3 లక్షల పైచిలుకు. మనుషులు పెరిగారు, వాటా తగ్గింది. ఎందుకంటే మిగతా వాళ్లు ఇంకా ఎక్కువ పెరిగారు. పైగా ఆ ఏడాది సౌత్ కరోలినాలో రిపబ్లికన్లు అధ్యక్ష ప్రైమరీ జరపలేదు. 2016లో అటు వెళ్లిన వారికి ఈసారి తెరిచి ఉన్న తలుపు ఇదొక్కటే. కాబట్టి శాతం చూసిన ప్రతిసారీ 'మొత్తం ఎంత?' అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న వేసే అలవాటుంటే సగం టీవీ చర్చలు కట్టేయవచ్చు.

పట్టిక ఎలా తయారైందో, ఎప్పటిదో గమనించండి

2024 ఎన్నికల్లో నేషనల్ ఎలక్షన్ పూల్ పేరుతో పెద్ద టీవీ సంస్థలు కలిసి ఈ పోల్ చేయించాయి. పని చేసింది ఎడిసన్ రీసెర్చ్ అనే సర్వే సంస్థ. రాష్ట్రమంతటా కొన్ని పోలింగ్ కేంద్రాలను ఎంచుకుంటారు. గుమ్మం దగ్గర నిలబడి, బయటకొచ్చే వారిలో ప్రతి ఇన్నో మనిషిని ఆపి ప్రశ్నల కాగితం చేతికిస్తారు. ఓటరు తనే నింపి పెట్టెలో వేస్తాడు. వద్దన్న వారి వయసు, లింగం, జాతి చూపుమేర అంచనా వేసి రాసుకుంటారు. ముందస్తుగా, పోస్టులో ఓటేసిన వారిని ఫోన్ వంటి మార్గాల్లో అడుగుతారు. కాకస్ (పార్టీ ఓటర్లు ఒకచోట సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) జరిగే చోట్ల మనుషులు గంటలకొద్దీ లోపలే ఉంటారు కాబట్టి లోపలికి వెళ్లేటప్పుడే అడుగుతారు. డెమొక్రటిక్ కాకస్‌లలో సాధారణంగా 15 శాతానికి చేరని అభ్యర్థి మద్దతుదారులు మరొకరి వైపు వెళ్లే వీలుండేది. అందువల్ల గుమ్మంలో చెప్పిన మాట, లోపల జరిగినది ఒకటి కాకపోవచ్చు.

రాత్రి ఎనిమిదికి చూసిన పట్టిక మర్నాటికి మారిపోతుంది. ఇందులో కుట్రేమీ లేదు. అసలు ఓట్లు వచ్చే కొద్దీ వాటికి సరిపోయేలా పట్టికలో భారాలు (ఒక్కో సమాధానానికి ఇచ్చే విలువ) సర్దుతారు. 2004 అధ్యక్ష ఎన్నికల రోజు మధ్యాహ్నం బయటికి పొక్కిన అంకెల్లో డెమొక్రటిక్ అభ్యర్థి కెర్రీ ముందున్నారు, గెలిచింది బుష్. తర్వాత 2005 జనవరిలో పోల్ నిర్వాహకులే ఇచ్చిన వివరణ ఏమిటంటే, కెర్రీ ఓటర్లు కాగితం నింపడానికి ఎక్కువగా ముందుకొచ్చారు, బుష్ ఓటర్లు తప్పించుకు వెళ్లారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం గానీ, కుండ సరిగా కలపకపోతే ఆ మెతుకు కూడా మోసం చేస్తుంది. అందుకని ఆ రాత్రి పట్టికను తీరిగ్గా చూడండి, రాసుకోవడం మాత్రం మర్నాడు పెట్టుకోండి.

సర్దినంత మాత్రాన అన్నీ సరయిపోవు. అభ్యర్థుల మొత్తం సరిపోతుంది, లోపల వర్గాల వాటా తప్పుగానే మిగిలిపోవచ్చు. 2016 సార్వత్రిక ఎన్నికల ఎగ్జిట్ పోల్ ప్రకారం ఓటర్లలో డిగ్రీ లేని శ్వేతజాతి వారు 34 శాతం. ఓటేసినట్టు రికార్డుల్లో సరిచూసిన వారితో ప్యూ అనే పరిశోధన సంస్థ చేసిన అధ్యయనంలో అదే వర్గం 44 శాతం. ట్రంప్ గెలుపును వివరించాల్సిన పట్టికలోనే ఆయన ప్రధాన ఓటు బలం పది పాయింట్లు తక్కువగా కనిపించిందన్నమాట. చదువుకు సంబంధించిన వరసలను నేను ఎప్పుడూ కాస్త అనుమానంతోనే తీసుకుంటాను.

చిన్న వర్గం దగ్గర ఆగండి

1ని నమూనా సంఖ్య వర్గమూలంతో భాగిస్తే తేడా హద్దు, అంటే పోల్ అంకె అసలు అంకెకు ఎంత అటూ ఇటూగా ఉండవచ్చన్నది, ఉజ్జాయింపుగా వస్తుంది. వెయ్యి మందికి అటూ ఇటూ 3 పాయింట్లు, రెండు వందల మందికి 7, వంద మందికి 10. ఎంచుకున్న కొన్ని కేంద్రాల దగ్గరే అడుగుతారు కాబట్టి నిజమైన హద్దు ఇంకొంచెం ఎక్కువే. ఇద్దరు అభ్యర్థుల మధ్య తేడాకి దాన్ని దాదాపు రెట్టింపు చేసుకోవాలి.

2016 నెవాడా డెమొక్రటిక్ కాకస్‌లో లాటినోల (లాటిన్ అమెరికా మూలాల వారి) ఓటు శాండర్స్‌కి 53, క్లింటన్‌కి 45 పడిందని ప్రవేశ పోల్ (లోపలికి వెళ్లేటప్పుడు అడిగినది) చూపింది. మొత్తం మీద గెలిచింది క్లింటన్. లాటినోలు ఎక్కువగా ఉండే లాస్ వెగాస్ ప్రాంతపు కేంద్రాల ఫలితాలు చూపించి, లాటినోలు మావైపే ఉన్నారని ఆమె పక్షం వాదించింది. ఆ పోల్‌లో లాటినోలు సుమారు అయిదో వంతు. అలాంటి ముక్కలో 8 పాయింట్ల తేడా మీద పెద్ద తీర్పు నిలబడదు. అటువైపు వాదనకీ లోపం ఉంది. ఒక పేటలో లాటినోలు ఎక్కువ, ఆ పేటలో క్లింటన్ గెలిచారు అన్నంత మాత్రాన ఆ పేట లాటినోలే ఆమెకు వేశారని తేలదు.

'ఎందుకు' అన్న ప్రశ్నకు తొందరగా జవాబివ్వకండి

2020లో సౌత్ కరోలినాలో పోలింగ్‌కి మూడు రోజుల ముందు ఆ రాష్ట్రపు నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ బైడెన్‌కి మద్దతు ప్రకటించారు. అది తమ నిర్ణయంలో ముఖ్యమైనదని ఎగ్జిట్ పోల్‌లో దాదాపు సగం మంది చెప్పారు. దాన్నిబట్టి సగం ఓట్లు ఆయన తిప్పారనడానికి లేదు. అంతకు ముందే బైడెన్‌కి వేయాలనుకున్నవాడు కూడా 'అవును, ముఖ్యమే' అంటాడు. 'ఎప్పుడు నిర్ణయించుకున్నారు?' అన్న వరసను దీని పక్కనే ఉంచి చూస్తే కొంత స్పష్టత వస్తుంది. అలాగే వయసు, చదువు, జాతి వరసలు ఒకదానిలో ఒకటి కలిసి ఉంటాయి. 'వృద్ధులు బైడెన్‌కి వేశారు', 'నల్లజాతి వారు బైడెన్‌కి వేశారు' అన్నవి రెండు కారణాలో, ఒకే మనుషుల గురించి రెండుసార్లు చెప్పిన మాటో విడి వరసలు తేల్చలేవు. వయసునూ జాతినీ కలిపి చూపే వరస ఉంటే అక్కడికి వెళ్లండి.

మరి తెలుగువాళ్ల ఓటు?

ప్రతి ఎన్నికల తర్వాతా ఈ ప్రశ్న వస్తుంది, ఎవరో ఒకరు జవాబూ ఇచ్చేస్తారు. ఈ పట్టికలో దానికి జవాబు లేదు. ఉన్నది 'ఆసియన్' అన్న ఒక్క గడి. చైనా, ఫిలిప్పీన్స్, వియత్నాం, కొరియా మూలాల వారు, మన దేశం నుంచి వెళ్లిన వారు అందరూ అందులోనే. చాలా ప్రైమరీల్లో ఆ గడిలో మనుషులు మరీ తక్కువై శాతం బదులు ఖాళీయే ఉంటుంది. ఓటేసేది పౌరులే కాబట్టి హెచ్1బీ మీద ఉన్నవారు అసలు ఈ లెక్కలోకే రారు. ఇండియన్ అమెరికన్ల మీదే విడిగా చేసే సర్వేలు కొంత మెరుగు. అందులోనూ తెలుగువారిని వేరు చేయాలంటే నమూనా చిన్నదైపోతుంది, పైన చెప్పిన వర్గమూలం లెక్క మళ్లీ వేసుకోవాల్సిందే.

నల్లజాతి ఓటు గురించి అయితే సౌత్ కరోలినా, జార్జియా లాంటి రాష్ట్రాల్లో మంచి ఆధారం ఉంది. అక్కడ ఓటరు నమోదులోనే జాతి రాసుకుంటారు. ఎన్నికైన కొన్నాళ్లకు ఎవరు వచ్చి ఓటేశారన్న రికార్డు సిద్ధమవుతుంది. ఎవరికి వేశారో అందులో ఉండదు గానీ, ఏ వర్గం ఎంత వాటా వచ్చిందో ఖాయంగా ఉంటుంది. ఎగ్జిట్ పోల్‌లోని వాటా అంకెను తీసేసి దాని స్థానంలో ఈ అంకె పెట్టి, హెచ్చవేత మరోసారి చేయండి.